బండి తిరిగే చోటు

సావనీరుకు ఏదైనా వ్రాయమంటే మనవాళ్ళు కవిత్వం వ్రాస్తారు, హాస్టలు సాంబారు మీద జోకులు వ్రాస్తారు, లేకపోతే సమాజం ఎటు పోతోందని నిలదీస్తారు. అవన్నీ ఉండవలసినవే. నేను మాత్రం ఒక కట్టడం గురించి వ్రాయదలచుకొన్నాను. అది హై వోల్టేజి గ్యాసు ఇన్సులేటెడ్ స్విచ్‌గేరును పెట్టే సబ్‌స్టేషను భవనం. కిటికీలు తక్కువ, అలంకారం పూజ్యం. అందులో ఎవరూ కాపురం ఉండరు. కరెంటు వస్తుంది, పంపకాలు చేసుకొని వెళ్ళిపోతుంది. పేరు పొడుగ్గా ఉందని పేజీ తిప్పెయ్యకండి. ఆ భవనానికీ మా మూడెకరాల చేనుకీ ఒక లంకె ఉంది. ఆ లంకె తెలిసిన తర్వాతనే, క్లాసులో చదివిన ఫిజిక్సుకు పరీక్ష హాలు బయట కూడా పని ఉందని నాకు నమ్మకం కుదిరింది.

పల్లెటూళ్ళో పుట్టినవాళ్ళకు సబ్‌స్టేషను కొత్త కాదు. చుట్టూ ముళ్ళకంచె, లోపల పరిచిన కంకర, ఇనుప చట్రాలు, వాటిమీద దొంతులు పేర్చినట్టు పింగాణీ ఇన్సులేటర్లు, రాత్రిళ్ళు దూరానికి కూడా వినిపించే సన్నని రొద. అంత జాగా దేనికి? చాలామటుకు గాలికోసం. తీగకూ తీగకూ మధ్య, తీగకూ నేలకూ మధ్య అక్కడ అడ్డుగోడ గాలే. గాలి సెంటీమీటరుకు సుమారు 30 కిలోవోల్టులు తట్టుకొంటుందని మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. 220 కిలోవోల్టుల లైనులో ఫేజుకూ భూమికీ మధ్య శిఖర విలువ సుమారు 180 కిలోవోల్టులు. ఆ లెక్కన ఆరు సెంటీమీటర్ల ఎడం చాలాలి. కాని మన దేశంలో వదిలేది సుమారు 2.1 మీటర్లు, 400 కిలోవోల్టులకయితే 3.5 మీటర్లు. మరి పుస్తకం అబద్ధం చెప్పిందా అంటే, లేదు. పుస్తకంలోది నున్నని పలకల మధ్య లెక్క. బయట మొనలుంటాయి, వాన ఉంటుంది, దుమ్ము ఉంటుంది, అన్నిటినీ మించి పిడుగు ఉంటుంది. 220 కిలోవోల్టుల సామానును 1050 కిలోవోల్టుల పిడుగు పోటుకు కూడా తట్టుకొనేలా తయారుచేస్తారు. క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవని ఆ పోటుకోసం ఏడాది పొడుగునా అంత ఎడం. ఒక్కో లైనుకు మూడు ఫేజులు, ఒక్కో ఫేజుకు బ్రేకరు, ఐసొలేటర్లు, కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు. వాటన్నిటి చుట్టూ అదే ఎడం. అలా మీటర్లు కలిసి ఎకరాలవుతాయి.

రెండేళ్ళ క్రితం మా ఊరి పొలిమేరలో అలాంటి 220 కిలోవోల్టుల సబ్‌స్టేషను కోసం సర్వేకు వచ్చారు. పరికరం పెట్టి చూశారు, రాళ్ళు పాతారు. మొత్తం పాతికెకరాలు కావాలన్నారు. అందులో మాది ఎకరం ముప్పై సెంట్లు, అదీ బోరు ఉన్న వైపు. నల్లరేగడి చేను. మిర్చి వేసినా, కంది వేసినా, నా హాస్టలు ఫీజు పండేది ఆ వైపే. ఊరికి కరెంటు వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. ఒకప్పుడు రాత్రిపూట వచ్చే కరెంటుకోసం లాంతరు పట్టుకొని చేలగట్లమీద నడిచినవాళ్ళే అందరూ. కాని మా నాన్న ఒక మాట అడిగాడు: “పట్నంలో ఇదే కరెంటును ఎకరం రెండెకరాల్లో మేడ కట్టి అందులో సర్దుతున్నారంట గదరా. మన దగ్గరికొచ్చేసరికి పాతిక ఎందుకయ్యింది? చదువుకొనేవాడివి, కనుక్కో.”

కనుక్కోవడం మొదలుపెడితే ముందు తగిలింది రసాయన శాస్త్రం. సర్దడానికి తోడ్పడేది సల్ఫర్ హెక్సాఫ్లోరైడు అనే వాయువు. 1901లో ఫ్రాన్సులో హెన్రీ మొయిసాన్, పాల్ లెబో దీన్ని తయారుచేశారు. ఫ్లోరినును విడిగా పట్టుకొన్నందుకు 1906లో నోబెలు బహుమానం పొందినది ఈ మొయిసానే. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, శుద్ధంగా ఉన్నప్పుడు విషం కాదు. ఒక గంధకం చుట్టూ ఆరు ఫ్లోరినులున్న దీని అణువు, దారిన పోయే ఎలక్ట్రానును పట్టుకొని వదలదు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తరుముకొని వరదలా పెరిగితేనే గదా నిప్పురవ్వ పుట్టేది! ఆ వరదను ఇది మొదట్లోనే ఆపుతుంది. అందుచేత అదే ఒత్తిడిలో గాలికంటె రెండున్నర నుండి మూడు రెట్లు గట్టిది. ఒత్తిడి పెంచితే ఇంకా గట్టిపడుతుంది. అల్యూమినియం గొట్టం నడిమధ్య వాహకాన్ని ఎపాక్సీ బిళ్ళలతో నిలబెట్టి, చుట్టూ ఈ వాయువును వాతావరణ పీడనానికి నాలుగైదు రెట్ల ఒత్తిడితో నింపుతారు. మీటర్ల ఎడం జానల్లోకి దిగివస్తుంది. బ్రేకరు, ఐసొలేటరు, ఎర్తు స్విచ్చి అన్నీ ఆ గొట్టాలలోనే ఉంటాయి. పైతొడుగు భూమితో కలిపి ఉంటుంది గనుక దాని పక్కన మనిషి నిర్భయంగా తిరగవచ్చు. 1960ల చివరలో ఐరోపాలోనూ జపానులోనూ ఇవి వాడకంలోకి వచ్చాయి. బయటి సబ్‌స్టేషనుకు పట్టే జాగాలో పదోవంతు నుండి అయిదోవంతులో ఈ పద్ధతి ఇముడుతుంది. మా నాన్న విన్నది నిజమేనన్నమాట.

మా బావ సివిల్ డిప్లొమా చేసి, హైదరాబాదులో అలాంటి భవనం ఒకటి కడుతున్న కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజరుగా ఉన్నాడు. నిరుడు వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఆయన వెంట ఉండి టేపు పట్టుకొన్నాను, లెవెలు చూసేటప్పుడు స్టాఫు పట్టుకొన్నాను, సాయంత్రాలు డ్రాయింగులు చూశాను. మొదటిరోజే బావ ఒక పెద్ద డ్రాయింగు పరిచి, “గోడల సంగతి తర్వాత చూద్దువుగాని అబ్బాయ్, ముందు కటౌట్లు చూడు” అన్నాడు. కటౌట్లంటే స్లాబులో వదలవలసిన కన్నాలు. ఆ కాగితం నిండా అవే. హై వోల్టేజి కేబుళ్ళు పైకి లేచేవి, కంట్రోలు కేబుళ్ళు దిగేవి, గాలి గొట్టాలు వెళ్ళేవి, ఎర్తు పట్టీలు వచ్చేవి. మనం ఇల్లు కట్టేటప్పుడు గోడలు ముందు, సామాను తర్వాత. ఇక్కడ సామానే ముందు. స్విచ్‌గేరు తయారుచేసేవాళ్ళు కొలతలూ బరువులూ పంపాలి, కేబులువాళ్ళు మందం చెప్పాలి, అప్పుడు గాని స్లాబు సంగతి తేలదు. కాంక్రీటు గడ్డకట్టిన తర్వాత “ఇంకో జానెడు ఇటు” అంటే కుదరదు. అక్కడ కోస్తే లోపలి కమ్మి తెగుతుంది, ఆ స్లాబుమీద టన్నుల బరువు నిలబడాలి.

అన్నిటికంటె ముందు తేలవలసింది కేబులు వంపు. ఈ కేబులు ఒక్కో ఫేజుకు ఒక్కొక్కటి. మధ్య రాగి, దాని చుట్టూ ఎక్స్.ఎల్.పి.ఇ. అనే పాలిథీను జాతి ఇన్సులేషను, ఆపైన లోహపు తొడుగు, దానిమీద నల్లని ప్లాస్టికు. 220 కిలోవోల్టుల కేబులు వ్యాసం 110 మిల్లీమీటర్లు అనుకోండి. లాగేటప్పుడు వంపు వ్యాసార్ధం కేబులు వ్యాసానికి ఇరవై రెట్లకు తగ్గకూడదన్నది సాధారణంగా పాటించే లెక్క. అంటే 2.2 మీటర్లు. కేబులు నేలమాళిగలో అడ్డంగా వచ్చి, వంగి, నిటారుగా లేచి, కటౌటు దాటి, పైనున్న స్విచ్‌గేరు అడుగు గొట్టంలోకి ఎక్కాలి. వంపుకు 2.2 మీటర్లు, వంపు అయ్యాక కొస బిగించేచోట తిన్నని ముక్క, ఆ కొసను చెక్కి అమర్చే జాయింటరు నిలబడి చేతులు ఆడించడానికి జాగా. అన్నీ కలిపితే నేలమాళిగ ఎత్తు నాలుగు మీటర్ల దాకా పోతుంది. ఒక మీటరు తగ్గిస్తే తవ్వకం కలిసి వస్తుందని లెక్కలు చూసేవాళ్ళకు తోస్తుంది. కేబులును బలవంతాన వంచితే అప్పటికి వంగుతుంది కూడా. కాని లోపలి పొరలు నలిగి, సందులు ఏర్పడి, ఆ సందుల్లో చిన్న చిన్న డిశ్చార్జీలు చెదపురుగులా తొలుస్తూ ఉంటాయి. కొన్నేళ్ళకు ఒకనాడు ఆ చోటే పేలుతుంది.

ఈ సంగతి ఫోనులో చెబితే మా నాన్నకు వెంటనే అర్థమయింది. మా తాతయ్య దొడ్డిగోడ కట్టించినప్పుడు, మేస్త్రి తాడు కట్టబోతుంటే ఆపి, ఎద్దుల్ని పూన్చి, గడ్డి వేసిన బండిని దొడ్లో ఒకసారి నిండుగా తిప్పించాడట. చక్రాల జాడ ఎంతవరకు పడిందో చూసి, దానికి బారెడు అవతల పునాది తీయించాడట. “బండి తిరిగే చోటు వదలకుండా గోడ కట్టినవాడు బతుకంతా బండిని వెనక్కి నెట్టుకొంటాడు” అనేవాడట. బావకు ఈ మాట చెబితే చాలాసేపు నవ్వి, “తాతయ్యగారు ఉంటే మా డిజైను ఆఫీసులో కుర్చీ వేయించేవాణ్ణిరా” అన్నాడు.

పై హాలు సంగతి చెబుతాను. స్విచ్‌గేరు పొడుగు వెడల్పులు చూసి గది కొలతలు పెడితే చాలదు. రేపు ఒక బ్రేకరు చెడిపోతే దాన్ని ఊడదీసి, పక్కవాటి మీదుగా ఎత్తి దాటించి, తలుపు దాకా తీసుకుపోవాలి. కాబట్టి పైన క్రేను ఉండాలి, క్రేను కొక్కేనికీ గొట్టాలకూ మధ్య ఆ ముక్క పట్టే ఎత్తు ఉండాలి, తలుపు ఆ ముక్కకంటె పెద్దదిగా ఉండాలి. అన్నీ బిగించాక హై వోల్టేజి పరీక్ష చేస్తారు. ఆ పరీక్ష సామానుకు కూడా ముందే చోటు చూపాలి. మన భవనాల్లో పొడుగు ఎక్కువైతే మధ్యలో ఒక సందు వదులుతారు, ఎండకు కాంక్రీటు సాగినా పగలకుండా. ఆ సందు స్విచ్‌గేరు కింద రాకూడదు. రెండు ముక్కల నేల రెండు తీరులుగా కుంగితే పైన బిగుసుకొని ఉన్న గొట్టాలకు ముప్పు. గొట్టాలు కూడా సాగుతాయి. అల్యూమినియం డిగ్రీకి పది లక్షల్లో 23 వంతులు సాగుతుందని మనకు తెలుసు. ముప్పై మీటర్ల గొట్టం ముప్పై డిగ్రీలు వేడెక్కితే ఇరవై మిల్లీమీటర్లు దాటి సాగుతుంది. అందుకని మధ్యమధ్య హార్మోనియం తిత్తుల్లాంటి బెలోసు పెడతారు. ఇక దుమ్ము. గొట్టం లోపల వెంట్రుకంత లోహపు రజను మిగిలినా అది విద్యుత్ క్షేత్రంలో లేచి గంతులేసి నిప్పురవ్వకు దారి తీయవచ్చు. అందుచేత గొట్టాలు విప్పే రోజుకు హాలు నేల ఎపాక్సీ రంగు పూసి అద్దంలా ఉండాలి, తాపీపని మొత్తం అయిపోయి ఉండాలి.

కేబుళ్ళ దారి వేయడంలో ఇంకా చిత్రమైన సంగతులున్నాయి. మూడు ఫేజులనూ కలిపి తీసుకుపోతే వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకొంటాయి. ఒక్క ఫేజునే ఒక ఇనుప చట్రంలోంచి పంపితే ఆ చట్రంలో సుడి ప్రవాహాలు పుట్టి ఇనుము వేడెక్కుతుంది. ఇది మనం ప్రాక్టికల్సులో చూసే సూత్రమే. కాబట్టి ఒంటి కేబులు చుట్టూ ఇనుప ఉంగరం పడకూడదు. పట్టుకొనే బిగింపులు అల్యూమినియంవి వాడతారు. ఒక్కో కటౌటు చుట్టూ స్లాబు కమ్మి ఎలా తిరుగుతోందో కూడా చూసుకోవాలి. చాలాచోట్ల మూడు కేబుళ్ళనూ తాటికాయలో మూడు ముంజెలు ఉన్నట్టు ఒకదానికొకటి ఆనించి పరుస్తారు. షార్టు సర్క్యూటు వచ్చినప్పుడు అవి ఒకదాన్నొకటి తన్నుకొంటాయి గనుక మధ్యమధ్య గట్టిగా కట్టాలి. కంట్రోలు కేబుళ్ళకు వేరే దారి. గ్యాసు ఐసొలేటరు తెరిచి మూసినప్పుడల్లా సెకనులో వందకోట్లోవంతు లెక్కన లేచే అలలు పుడతాయి. వాటికి పొడుగాటి ఎర్తు తీగ పనికిరాదు. పొట్టి, వెడల్పు పట్టీలు తిన్నగా నేలలోని ఎర్తు వలకు పోవాలి, ఎక్కువ చోట్ల పోవాలి.

కేబులు లాగేశాక మిగిలిన కన్నాన్ని నిప్పు తట్టుకొనే పదార్థంతో మూస్తారు. మంట ఒక గదినుండి ఇంకో గదికి పాకకుండా అదే తలుపు. వాన నీరు రాకుండా కూడా అదే. ఇంకొకరు రాకుండా కూడా. ఎవరనుకొన్నారు? ఎలుక! వడ్ల పురికి ఎలుక ఎంత శత్రువో కంట్రోలు కేబులుకు అంతే. లక్షల ఖరీదు చేసే సామాను పక్కన బావ టార్చి వేసి గోడ మూలల్లో వేలెడు సందులు వెతుకుతుంటే, సంక్రాంతి ముందు మా అమ్మ గాదె చుట్టూ పేడతో సందులు మెత్తడం జ్ఞాపకం వచ్చింది.

భవనం దాటాక కేబులు మట్టిలోకి దిగుతుంది. అక్కడ నాకు కొంచెం చనువు వచ్చింది, ఎంతైనా మట్టి మాది గదా. కరెంటు పోతుంటే కేబులు వేడెక్కుతుంది. ఎక్స్.ఎల్.పి.ఇ. కేబులులో రాగి నిలకడగా 90 డిగ్రీలు దాటకూడదు. ఆ వేడి పోవలసింది చుట్టూ ఉన్న మట్టిలోకే. తడి ఉన్న మట్టి వేడిని బాగా తీసుకుపోతుంది. ఎండిన మట్టి దానికి రెండు మూడు రెట్లు అడ్డం పడుతుంది. పైగా కేబులు వేడికి దగ్గరి తేమ దూరంగా జరుగుతుంది, మట్టి ఇంకా ఎండుతుంది, కేబులు ఇంకా వేడెక్కుతుంది. మా నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చి కాలు దూరేటంత సందులు చూపుతుంది. అలాంటి నేలలో కేబులు పాతి అదే మట్టి కప్పితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే కేబులు చుట్టూ ఎంచిన ఇసుకగాని, తక్కువ సిమెంటు కలిపిన ఇసుకగాని గట్టిగా దట్టిస్తారు. 1998లో న్యూజీలాండులోని ఆక్లండు నగరం నడిబొడ్డుకు కరెంటు ఇచ్చే నాలుగు 110 కిలోవోల్టుల కేబుళ్ళు జనవరి 22కూ ఫిబ్రవరి 20కీ మధ్య ఒకటి తర్వాత ఒకటి పాడయ్యాయి. ఎండకాలం, పొడి నేల, పాత కేబుళ్ళమీద పెరిగిన భారం అందుకు చెప్పిన కారణాలలో ఉన్నాయి. సుమారు అయిదు వారాలు ఆ వ్యాపార కేంద్రం మామూలు కరెంటుకు నోచుకోలేదు. నేలలో తేమ చూడడం రైతు పని మాత్రమే అనుకొనేవాళ్ళకు ఈ కథ చెప్పాలి.

మళ్ళీ భవనంలోకి వద్దాం. సల్ఫర్ హెక్సాఫ్లోరైడు అణుభారం 146. గాలి సగటు 29. అంటే గాలికంటె అయిదు రెట్లు బరువు. కారితే పైకి పోదు. మెట్లు దిగి నేలమాళిగలోకి, కేబులు కందకాల్లోకి చేరి నీళ్ళలా నిలుస్తుంది. విషం కాకపోయినా ఊపిరికి కావలసిన గాలిని తోసివేస్తుంది. ఆర్కు తగిలిన వాయువయితే కొంత విడిపోయి విషపదార్థాలు కూడా ఏర్పడతాయి. పాడుబడిన నూతిలోకి దిగేముందు మా ఊళ్ళో లాంతరు దించి చూస్తారు. దీపం ఆరితే మనిషి దిగడు. ఈ భవనంలో లాంతరుకు బదులు ఆక్సిజను తగ్గితే కూసే పరికరం పెడతారు, గాలిని బయటికి లాగే పంకాల నోళ్ళు నేలకు దగ్గరగా పెడతారు. సీలింగు దగ్గర పెట్టిన పంకా ఇక్కడ ఎందుకూ కొరగాదు.

మనిషి బయటపడే దారి విషయంలో తెలుగువాళ్ళకు మరవరాని పాఠం ఒకటి ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్కేంద్రంలో మంటలు లేచి 9 మంది చనిపోయారు. అది ఈ వాయువువల్ల జరిగిన ప్రమాదం కాదు. కాని భూమి లోపల కేబుళ్ళూ ప్యానెళ్ళూ ఉన్నచోట పొగ ఎంత త్వరగా దారులు మూసేస్తుందో, కాపాడడానికి వెళ్ళినవాళ్ళకు సైతం లోపలికి పోవడం ఎంత కష్టమయిందో ఆ రాత్రి తెలిసింది. నేను డ్రాయింగుమీద రెండో మెట్లదారి చూసి, ఇంత చిన్న నేలమాళిగకు రెండెందుకని అడిగితే, బావ శ్రీశైలం పేరు ఒక్కటే అన్నాడు. తర్వాత ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఇంత మేలు చేసే వాయువుకు ఇంకొక మచ్చ కూడా ఉంది. భూమిని వేడెక్కించడంలో ఒక కిలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడు, నూరేళ్ళ లెక్కన, 23,500 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమని అంతర్జాతీయ వాతావరణ సంఘం అయిదో నివేదిక చెప్పింది. ఒకసారి పైకి పోతే మన మునిమనవల మునిమనవల కాలానికి కూడా చెడకుండా ఉంటుంది. అందుకని దాన్ని గాలిలోకి వదలకుండా యంత్రంతో తిరిగి పట్టుకొంటారు. ఆ యంత్రం నిలిచే చోటు, సిలిండర్లు పెట్టే గది కూడా భవనం లెక్కలోనివే. 2024లో ఐరోపా సమాఖ్య చేసిన చట్టం ఇలాంటి వాయువులతో నడిచే కొత్త స్విచ్‌గేరును అంచెలంచెలుగా మాన్పించడానికి గడువులు పెట్టింది. హై వోల్టేజి రకాల్లో 145 కిలోవోల్టుల వరకు 2028, ఆపైన 2032. బదులుగా శుద్ధమైన గాలినే ఒత్తిడితో నింపే రకాలు వస్తున్నాయి. అవి సాధారణంగా కొంచెం పెద్దవి. ఈనాడు హాలును మరీ బిగదీసి కట్టినవాళ్ళకు రేపు ఆ పెద్దవి పట్టవు.

ఇక మా నాన్న ప్రశ్న. పాతికెకరాలెందుకు? బావ దాపరికం లేకుండా చెప్పాడు: “గ్యాసు సామాను ఖరీదు ఎక్కువ. పట్నంలో నేల ఖరీదు ఇంకా ఎక్కువ. ఏది చవకైతే అది పెడతారు.” రాయదుర్గంలో 2022లో 400 కిలోవోల్టుల గ్యాసు సబ్‌స్టేషను ప్రారంభమయింది. టోక్యోలో 2000లోనే 500 కిలోవోల్టుల షిన్ తొయోసు సబ్‌స్టేషనును ఏకంగా భూమి లోపల కట్టి, దాదాపు 40 కిలోమీటర్ల కేబులు సొరంగాల్లో లాగారు. అక్కడ నేలకు అంత విలువ. మా ఊళ్ళో జరిగిన సభలో ఒక అధికారి కూడా మర్యాదగానే ఈ మాటే చెప్పారు, పల్లెలో నేల చవక కాబట్టి బయటి సబ్‌స్టేషనే గిట్టుబాటు అని. మా నాన్న లేచి, “చవక అన్నది కొనేవాడికి గదండీ, అమ్ముకొనేవాడికి అది ఒక్కటే ఉంటే?” అని కూర్చొన్నాడు. అధికారిది అబద్ధం కాదు. నాన్నదీ అబద్ధం కాదు. ఒకే తూకంలో రెండువైపులా వేయవలసినవి ఒకవైపే వేశారని మాత్రం నాకనిపించింది.

2013 భూసేకరణ చట్టం ప్రకారం తొలి ప్రకటన వచ్చిన అరవై రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. అర్జీ వ్రాసే పని నాకు వచ్చింది. తెల్లవార్లూ కూర్చొని మూడు మాటలు వ్రాశాను. మొత్తం గ్యాసు పద్ధతి భారమైతే, బ్రేకర్లు మాత్రం గ్యాసు గొట్టాల్లో ఉండి బస్‌బార్లు బయట ఉండే మధ్యరకం ఉంది. అది చాలా జాగా కలిసివచ్చేలా చేస్తుంది, దాన్ని లెక్క కట్టి చూడండి అన్నది మొదటిది. ముందుముందు పెంచుకోవడానికి వదిలే జాగాను బోర్లున్న చేలవైపు కాకుండా చెరువుగట్టు పక్కనున్న బీడువైపు చూపండి అన్నది రెండోది. అది వీలుకాకపోతే, ఆ జాగా అవసరం పడేదాకా సాగు చేసుకోనివ్వండి అన్నది మూడోది. దానికి ఒక గ్రాఫు కాగితంమీద కొలతలతో ప్లాను గీసి జతచేశాను. ఊళ్ళో పద్దెనిమిదిమంది సంతకాలు పెట్టారు, నలుగురు వేలిముద్రలు వేశారు. తీసుకొన్న గుమాస్తా ప్లాను చూసి “ఇది ఎవరు గీశారు?” అని అడిగాడు. మా నాన్న నన్ను చూపించాడు. మార్కుల జాబితా చూపించినప్పుడు కూడా ఆయన ముఖం అలా వెలగలేదు.

మనలో ఇంజనీరింగు వైపు, ఎం.ఎస్సీ. వైపు వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. రేపు కొందరు ఇలాంటి డ్రాయింగుల ముందు కూర్చొంటారు. కేబులు వంపుకు, క్రేను కొక్కేనికి, కారిన వాయువుకు, పరుగెత్తే మనిషికి, చివరికి ఎలుకకు సైతం లెక్క చూసే చదువు మనది. అదే కాగితం అంచున, కంచె అవతల ఎవరి చేను ఉందో కూడా ఒక గీత గీసి చూసుకోమని నా మనవి. అందుకు కొత్త శాస్త్రం ఏమీ అక్కరలేదు.

మా అర్జీకి ఇంకా జవాబు రాలేదు. తొలకరి మాత్రం ఆగదు గదా. ఈ ఏడు అక్కడ కంది వేశాం. సర్వే రాళ్ళు కదలకుండా, వాటి చుట్టూ గొర్రు తిప్పి మా నాన్న విత్తాడు. పోయినవారం ఇంటికి వెళితే మొక్కలు రాళ్ళకంటె ఎత్తు ఎదిగి ఉన్నాయి.